ఇరవై ఏడో నంబరు దుప్పటి

పొద్దున ఏడున్నరకల్లా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు పడడం మొదలవుతుంది. ఐదో అంతస్తు నుంచి నేలమాళిగ దాకా ఒక రేకు గొట్టం ఉంది. పైన నర్సులు మాసిన దుప్పట్లు మూటగట్టి అందులో పడేస్తారు. అవి దారిపొడుగునా గొట్టానికి కొట్టుకుంటూ వచ్చి కింద తొట్టిలో ధబ్బుమని పడతాయి. మొదటి మూట పడగానే సబ్బు పిన్ని "ఇదిగో, వచ్చేశారు మనవాళ్ళు" అంటుంది, చుట్టాలు బండి దిగినట్టు.

సబ్బు పిన్ని పని యంత్రాల్లో సబ్బుపొడి వెయ్యడం, ఆగకుండా మాట్లాడడం. ఉతికిన దుప్పట్లు దులిపి మడతపెట్టేది తాళాలమ్మ, పొడుగక్క. తాళాలమ్మకి ఆ పేరు మొగుడి వల్ల వచ్చింది, ఆయన తాళాలు బాగుచేస్తాడు. పొడుగక్కని చూస్తే ఆ పేరెందుకో అడగక్కర్లేదు. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ జోడీ. దుప్పటికి నాలుగు కొసలు, మనిషికి రెండు. ఒక కొసలో ఎర్రదారంతో మంచం నంబరు కుట్టి ఉంటుంది. నంబరు ఎవరి చేతికొస్తే వాళ్ళే పైకి చెప్పాలి, అవతలివాళ్ళు నోరెత్తకూడదు. ఇద్దరూ చెబితే ఒకే దుప్పటి రెండుసార్లు రాసుకుంటారని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. పెట్టినవాళ్ళు రిటైరైపోయారు, పద్ధతి మాత్రం రిటైరవలేదు.

దుప్పటి తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు ఇద్దరూ పట్టుకుని గట్టిగా ఒక్క దులుపు దులిపితే, దాని మీద పడుకున్న మనిషికి వచ్చిన కల అందులో కనబడుతుంది. ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంటుంది. ఆ తర్వాత మామూలు గుడ్డే, రోలరు కింద పెట్టి ఇస్త్రీ చేసుకోవచ్చు. బ్లీచింగ్ ఎక్కువైతే కల రంగులు వెలిసిపోతాయి. అందుకని సబ్బు పిన్ని బ్లీచింగ్ దగ్గర చెయ్యి బిగబట్టేది, మరకలు పోలేదని పైనుంచి ఎన్ని చీవాట్లొచ్చినా సరే.

ఊళ్ళో నిద్రజబ్బు మొదలై ఏడు నెలలైంది. మనుషులు ఉన్నచోటే నిద్రపోతున్నారు, మరి లేవడం లేదు. బస్సులు తిరగడం మానేశాయి. సినిమాహాల్లో కుర్చీలు పీకేసి మంచాలు వేశారు. ఇంట్లో ఒకళ్ళు ఆవలిస్తే మిగతావాళ్ళు మొహమొహాలు చూసుకునే రోజులు. నిద్రొస్తుందేమోనని భయపడి జనం నిలబడి అన్నం తింటున్నారు. అలాంటి రోజుల్లో లాండ్రీలో ఆడవాళ్ళకి మిగిలిన కాలక్షేపం ఆ దుప్పట్లే.

తొమ్మిదో నంబరు రైలు డ్రైవరంటే అందరికీ ప్రాణం. ఆయన రోజూ కలలో రైలు నడుపుతాడు, కాకపోతే పట్టాల మీద కాదు. ఒకరోజు వాళ్ళ వంటింట్లోంచి, ఒకరోజు బట్టలకొట్లోంచి, ఒకసారి ఎవరిదో పెళ్ళి పందిట్లోంచి తీసుకెళ్ళాడు, భోజనాల బంతి మధ్యలోంచి. పద్నాలుగో నంబరు లెక్కల టీచరు. ఆవిడ క్లాసులో బెంచీలనిండా కోళ్ళే. కలలకి మాట వినబడదు. అందుకని మాటలు సబ్బు పిన్ని పెట్టేది.

"ఏమే నల్లకోడీ, హోమ్‌వర్క్ ఏదే?" అని టీచరు గొంతుతో, "గుడ్డు మీద కూర్చున్నానండీ, తీరిక లేదండీ" అని కోడి గొంతుతో.

పొడుగక్క నవ్వితే చేతులు వణికి దుప్పటి ఊగేది. "పిన్నీ, ఆపు. కల చెదిరిపోతోంది" అనేది.

కల కనేవాళ్ళ మొహం మాత్రం కలలో కనబడదు. వాళ్ళ కళ్ళతోనే కదా చూసేది. రైలు డ్రైవరువి మోచేతుల దాకా చేతులు, రెండు మోకాళ్ళు తప్ప మరేమీ వీళ్ళు చూడలేదు. మనిషి ఎలా ఉంటాడోనని ఆర్నెల్లుగా వాదన. మీసాలున్నాయని పొడుగక్క, లేవని పిన్ని. కలలో ఎప్పటికైనా అద్దం తగలకపోతుందా అని ఇద్దరూ కాచుక్కూర్చున్నారు. ఓడినవాళ్ళు నెలరోజులు టీ గ్లాసులు కడగాలి.

కొన్ని దుప్పట్లు ఎంత దులిపినా తెల్లగానే ఉండేవి. కల రానివాళ్ళు. వాటిని "ఖాళీ" అని పక్కన పడేసేవారు.

ఒకరోజు హెడ్ నర్సు దిండు గలేబుల కోసం కిందికి దిగి, ఐదారు దుప్పట్లు దులిపేదాకా నిలబడి చూసింది. గలేబులు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి లాండ్రీ ఫోను మోగింది. హెడ్ నర్సు, ఇవాళ ఖాళీలు ఏవని అడిగింది. పాపం ఆవిడకీ పైన పొద్దుపోవడం లేదు కాబోలనుకున్నారు వీళ్ళు. సూపర్‌వైజరు తను రాసుకున్న పుస్తకంలోంచి ఉత్సాహంగా నంబర్లు చెప్పింది. వెనకనుంచి పిన్ని "కోళ్ళ సంగతి కూడా చెప్పండి" అని కేకేసింది. వారం పాటు అలాగే చెప్పారు. ఎనిమిదోరోజు పొడుగక్క ఒక నంబరు చదవబోయి ఆగింది.

"నలభై రెండు నిన్నటిదాకా ఖాళీ కదే. ఇవాళెవరో ఈత కొడుతున్నారు."

మంచం మీద మనిషి మారాడు. అప్పుడు తెలిసింది సంగతి. వరసగా మూడురోజులు ఖాళీ వచ్చినవాళ్ళకి పెట్టిన ఊపిరి యంత్రం తీసేసి వెనక బిల్డింగుకి పంపుతున్నారు. మంచాలు చాలడం లేదు మరి, ఆవరణలో గుడారాలేసుకుని జనం వరసలో ఉన్నారు. వెనక బిల్డింగు నుంచి దుప్పట్లు ఉతుక్కి రావు.

ఆ సాయంత్రం టీ ఎవరూ తాగలేదు. మర్నాడు మళ్ళీ నాలుగింటికి ఫోను మోగింది, సూపర్‌వైజరు మళ్ళీ నంబర్లు చెప్పింది. చెప్పకపోతే డాక్టర్లు చీట్లు వేసి తీస్తారట. దానికంటే ఇదే నయం కదా అంది. పిన్ని కోళ్ళకి మాటలు పెట్టడం మానలేదు. అది కూడా మానేస్తే ఆ గదిలో నిలబడడం ఎలాగో ఎవరికీ తెలియదు.

తాళాలమ్మ మొగుడు ముప్పై ఎనిమిది రోజుల కిందట కొట్లో, చేతిలో ఆకురాయి పట్టుకుని, తాళంచెవి అరగదీస్తూ అరగదీస్తూ నిద్రపోయాడు. ఇరవై ఏడో మంచం ఇచ్చారు. పైకి ఎవరినీ రానివ్వరు, లాండ్రీవాళ్ళనైనా సరే. అదే భవనం, మధ్యలో నాలుగంతస్తులు, మొగుడి ఆనవాలు ఆమెకి ఆ దుప్పటొక్కటే. మొదట్లో పదిరోజులు తలుపులు వచ్చాయి. ఒక తలుపు తీస్తే ఇంకో తలుపు, దానికి ఇంకో తాళం. ఆ తర్వాత అప్పుడొకటీ ఇప్పుడొకటీ. తర్వాత వట్టి గుడ్డ.

ఇంటికెళితే అత్తగారు గుమ్మంలోనే అడిగేది. "ఏం కల కన్నాడే వాడివాళ?"

"రైలు నడిపాడు అత్తయ్యా."

"వాడికి రైలెక్కడిదే?"

"కలే కదా."

"ఎక్కడికెళ్ళాడు?"

"పెళ్ళిభోజనాల మధ్యలోంచి పోనిచ్చాడు." ముసలావిడ పళ్ళులేని నోరు తెరిచి నవ్వేది. అరడజను మంది కలలు మోసుకొచ్చి ఒక్క కొడుకు ఖాతాలో వేసేది కోడలు. ఆ కాసేపూ ఇంట్లో దీపం కాస్త ఎక్కువ వెలుగుతున్నట్టుండేది.

ఇప్పుడు వరసగా రెండురోజులు ఇరవై ఏడు ఖాళీ.

మూడోరోజు పొద్దున పొడుగక్క కళ్ళు ఉబ్బి వచ్చింది. వాళ్ళ చెల్లెలు నిద్రపోయి అప్పటికి నాలుగురోజులు, గుడారంలో ఉంది. యంత్రం లేకుండా వారం గడిస్తే ఊపిరి నిలవదంటారు.

"ఎక్కడిదాకా వచ్చింది వరస?" అని తాళాలమ్మ అడిగింది.

"ముందు మా చెల్లెలే. ఇంక ఒక్క మంచం ఖాళీ అయితే చాలట." అని పొడుగక్క దుప్పటి అందుకుంది.

ఇవాళ మూడోరోజుకి చేరింది ఇరవై ఏడు ఒక్కటేనని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దుటి పన్నంతా తు.చ. తప్పకుండా సాగింది. దులుపు, దగ్గరికి రా, కొసలు కలుపు, వెనక్కి వెళ్ళు. రైలు డ్రైవరు చేపల చెరువులోంచి పోతుంటే కూడా ఎవరూ నవ్వలేదు.

ఇరవై ఏడు రెండో విడత మూటలో వచ్చింది. ఉతకడానికి ఇంకా టైముంది. భోజనాల వేళ తాళాలమ్మ ఆ దుప్పటి తొట్టిలోంచి లాగి, చంకన పెట్టుకుని బాయిలరు వెనక్కి వెళ్ళింది. నేలమీద పరిచింది. మొగుడి వాసనేమైనా తగులుతుందేమోనని మొహం ఆనించి చూసింది. మందుల వాసన తప్ప ఏమీ లేదు. దాని మీద కాళ్ళు ముడుచుకుని పడుకుంది. ఊరు ఊరంతా నిద్రంటే హడలిపోతుంటే, రా తల్లీ రా అని దాన్ని పిలుచుకుంటున్న మనిషి ఆ వేళకి ఆమె ఒక్కతే అయి ఉంటుంది. పిలిచినందుకు వచ్చింది, ఒక పావుగంట.

మూడున్నరకి ఆ దుప్పటి యంత్రంలోంచి బయటికొచ్చింది. నంబరు కొస పొడుగక్క చేతికి వెళ్ళింది. దులిపారు.

వంటిల్లు. నేలమీద బోర్లించిన స్టూలు. తాళాలాయన గొంతుక్కూర్చుని దాని కాలికి మేకు బిగిస్తున్నాడు. మేకు జారి బీరువా కిందికి దొర్లింది. ఆయన బోర్లా పడుకుని, చెప్పు పుచ్చుకుని బీరువా కింద తడుముతున్నాడు. పిర్రలు పైకి, తల కిందికి. పిన్ని అలవాటు కొద్దీ "అబ్బబ్బ, ఈ ఇంట్లో ఒక్క వస్తువు..." అని మొగగొంతుతో మొదలెట్టి, ఠక్కున ఆగిపోయింది.

ఆయన వెనక్కి తిరిగాడు. ఊరికే నిలబడి చూడకపోతే దీపం పట్టొచ్చుగా అన్నట్టు, గుమ్మంలో ఎవరినో చూస్తూ విసుక్కున్నాడు. మొహమంతా స్పష్టంగా కనబడింది. గడ్డం మీద గాటు, ఎగుడుదిగుడు కనుబొమ్మలు.

తన కలలో తన మొహం ఎవరికీ కనబడదు. గదిలో ఉన్న నలుగురికీ ఆ సంగతి తెలుసు. దుప్పటి తెల్లబడింది.

సూపర్‌వైజరు పుస్తకంలోంచి తలెత్తలేదు. "ఇరవై ఏడు?"

నంబరు పట్టుకున్నవాళ్ళే చెప్పాలి. పొడుగక్క ఎర్రదారం మీద బొటనవేలు రుద్దుతూ నిలబడింది. రోలరు ఆవిరి కక్కుతోంది. తాళాలమ్మ దుప్పటి అవతల కొసన నిలబడి ఆమె మొహంలోకి చూడలేక ఆమె వేలినే చూసింది.

"ఉంది" అంది పొడుగక్క.

సూపర్‌వైజరు రాసుకుంది. ఫోను మోగింది, నంబర్లు చెప్పింది. అందులో ఇరవై ఏడు లేదు.

సాయంత్రం చేతులు కడుక్కునేచోట తాళాలమ్మ నోరు తెరవబోయింది. పొడుగక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమీ అనకు. నేనేదో త్యాగం చేశానని మాత్రం అనుకోకు. లేదనే అందామనుకున్నా. నోటికి అది వచ్చింది, అంతే." చేతులు తుడుచుకుంటూ మళ్ళీ అంది, "ఆ మేకు దొరికిందా?"

"ఏ మేకు?"

"బీరువా కిందిది."

"దొరకలేదక్కా. ఆ స్టూలు ఇప్పటికీ కుంటుతూనే ఉంది."

ఆ రాత్రి అత్తగారికి చెప్పడానికి తాళాలమ్మ దగ్గర మొదటిసారి సొంత కల ఉంది. చెప్పలేకపోయింది. రైలు చేపలచెరువులోంచి వెళ్ళిందని చెప్పింది.

మూడురోజులకొక కల వస్తే చాలు, మంచం నిలుస్తుంది. అయినా మర్నాడూ, ఆ మర్నాడూ ఆమె బాయిలరు వెనక్కి వెళ్ళింది. అలా వెళితే సాయంత్రం మొగుణ్ణి చూడొచ్చు. పోయిన నెలా నెలన్నరలో ఆమెకి దొరికిన సుఖం అదొక్కటే. సిగ్గుపడుతూనే వెళ్ళింది. మిగతావాళ్ళూ ఎదురుచూడసాగారు. ఆయన గొడుగు విప్పబోతే అది విప్పుకోకపోవడం, తాళం బాగుచేసి గర్వంగా బిగించి తనే లోపల ఇరుక్కుపోవడం చూసి పిన్ని ఉండబట్టలేక మాటలు పెట్టేసేది. పొడుగక్క నవ్వలేదు కానీ, చూపు తిప్పుకోనూ లేదు. నంబరు ఎవరి చేతిలో పడ్డా "ఉంది" అనే మాటే వచ్చింది.

ఆ నాలుగురోజుల్లో వేరే మంచం ఒక్కటీ ఖాళీ కాలేదు. అందరూ కలలు కంటున్నారు, ఎన్నడూ లేనంతగా. ఐదోరోజు పొద్దున, మొదటి మూట పడకముందే, ఆవరణలోంచి కబురొచ్చింది. పొడుగక్క చేతిలో ఉన్న టీ గ్లాసు బల్లమీద పెట్టి, నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రెండురోజులు ఆమె రాలేదు. సబ్బు పిన్ని ఆమె చోట నిలబడి దుప్పట్లు దులిపింది. పొట్టి మనిషి, సగం దుప్పటి నేలకి తగిలేది. ఆ రెండు మధ్యాహ్నాలూ తాళాలమ్మ బాయిలరు వెనక కళ్ళు మూసుకుని పడుకుంది. నిద్ర రాలేదు. లేదని అనేసి ఉంటే, లేదని అనేసి ఉంటే, అని లోపల ఒకటే రొద. ఇరవై ఏడు తెల్లగా వచ్చింది, రెండుసార్లూ. పిన్ని "ఖాళీ" అని గొణిగి, "నేను అబద్ధమాడితే సూపర్‌వైజరు నమ్మదే అమ్మా. నా గొంతు పట్టిచ్చేస్తుంది" అని కళ్ళు తుడుచుకుంది.

మూడోరోజు పొడుగక్క వచ్చింది. పొద్దుటి విడత ముగించింది. భోజనాల గంట కొట్టగానే తాళాలమ్మ తొట్టిలోంచి దుప్పటి తీసుకుని బాయిలరు వెనక పరుచుకుంది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. అరగంట అయిపోయింది. కళ్ళు మండుతున్నాయే తప్ప మూతపడడం లేదు.

నెత్తిమీద నీడ పడింది.

"రావట్లేదా?" అంది పొడుగక్క.

తాళాలమ్మ లేచి కూర్చుని తల అడ్డంగా ఊపింది.

"ఎన్నోరోజు?"

"మూడు."

పొడుగక్క దుప్పటికేసి చూసింది. "లే" అంది. "లేవవే. పక్కకి జరుగు."

"అక్కా, వద్దు..."

"నీ మొగుడికోసం కాదులే. నేను ఇంట్లో నిద్రపోయి మూడురోజులైంది. నిద్రపోయినా, చెల్లెల్ని చూపించడానికి నా దగ్గర ఇలాంటి దుప్పటేదీ? ఇది ఇక్కడే ఉంది." అంటూ చెప్పులు విడిచి, ఆ పొడుగు మనిషి మూడు మడతలుగా ముడుచుకుని పడుకుంది. తల ఆనించీ ఆనించగానే గురక పెట్టింది. తాళాలమ్మ బాయిలరుకి ఆనుకుని నిలబడి, ఎవరూ ఇటు రాకుండా కాపలా కాసింది. గంట మళ్ళీ కొట్టాక భుజం తట్టి లేపడానికి ఆమెకి రెండుసార్లు ధైర్యం చాలలేదు. మూడోసారి తట్టింది. పొడుగక్క లేచింది.

మూడున్నరకి దులిపారు.

పొడుగాటి నడవా, వరసగా గుమ్మాలు. పన్నెండేళ్ళ పిల్ల, తనకి రెండింతలుండే చెప్పులు తొడుక్కుని టపటపమని నడుస్తోంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, తలుపు తనకి మూరెడు ఎత్తునున్నా, తల తగులుతుందన్నట్టు మెడ వంచి, నడుం వంచి, మూతి ముడుచుకుని దాటుతోంది. దాటాక వెనక్కి తిరిగి చూస్తోంది, అక్క ఉడుక్కుందా లేదా అని. అచ్చం పొడుగక్క నడకే. పిన్ని ఆపుకోలేక కిసుక్కుమంది. వెంటనే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సూపర్‌వైజరు పుస్తకం మూసి చూస్తోంది. ఆఖరి గుమ్మం దగ్గర పిల్ల మెడ మరీ వంచబోయి, పెద్ద చెప్పు తట్టుకుని చతికిలబడింది. పడ్డచోటే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతోంది.

మాటలు ఎవరూ పెట్టలేదు.

తెల్లబడ్డాక కూడా ఇద్దరూ దుప్పటి దించలేదు. పొడుగక్క చూపు ఆ తెల్లగుడ్డ మీదే ఉంది.

"ఇరవై ఏడు?" అని అడిగింది సూపర్‌వైజరు, పుస్తకం మళ్ళీ తెరిచి.

నంబరు కొస తాళాలమ్మ చేతిలో ఉంది. అవతల కొసనుంచి పొడుగక్క ఒక్కసారి దుప్పటి లాగింది, చెప్పవే అన్నట్టు.

"ఉంది" అంది తాళాలమ్మ.

ఫోను మోగింది. సూపర్‌వైజరు ఖాళీల నంబర్లు చదివింది. ఇరవై ఏడు సంగతి హెడ్ నర్సు తనే అడిగినట్టుంది. "ఆఁ, ఉందండీ... ఇవాళ మళ్ళీ వచ్చింది... సరేనండీ" అని పెట్టేసింది.

"గట్టివాడేనంటోంది. చెప్పుకోదగ్గ కేసని రాసి ఇంకో నెల ఉంచుతారట" అంది, ఎవరికేసీ చూడకుండా.

పిన్ని వెళ్ళి తన యంత్రంలో సబ్బు వేసుకుంది. నెల అంటే ముప్పైరోజులు. ఆవరణలో ఎన్ని గుడారాలున్నాయో తాళాలమ్మ లాండ్రీకి వస్తూ రోజూ చూస్తూనే ఉంది. ఆమె తన కొసలు పట్టుకుని ముందుకు నడిచి, పొడుగక్క చేతుల్లో కలిపింది. చేతులు తగిలాయి, చల్లగా, తడిగా.

"రేపు ఆ బాయిలరు వెనక ఒక దిండు పడెయ్యి" అంది పొడుగక్క, మడత సరిచేస్తూ. "మెడ పట్టేసింది."